షుగరున్నవాళ్ళు పొద్దున్నే చోడి (రాగి) జావ తాగితే ఇడ్లీ కన్నా ఎక్కువ చూపిస్తోంది, ఎందుకని?

పాలకొల్లు కాలవగట్టు:
మా నాన్నగారికి 64 ఏళ్ళండి. షుగరు వచ్చి ఏడేళ్ళయింది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఇడ్లీ మానేసి చోడి జావ పట్టించమని అందరూ అంటే పది రోజులుగా అదే ఇస్తున్నాం. పరగడుపున 118 దగ్గర ఉంటోంది. మూడు ఇడ్లీలు తిన్న రోజుల్లో రెండు గంటలకి 175, 180 వచ్చేది. జావ తాగాక 236, మొన్న 241.
కాసే పద్ధతి ఇది: మొలకెత్తించిన చోళ్ళ మాల్ట్ పిండి పెద్ద చెంచాతో నిండుగా నాలుగు, గ్లాసు పాలు, గ్లాసు నీళ్ళు, నిమ్మకాయంత బెల్లం. పక్కన ఒక చక్కరకేళి. పంచదార అసలు వాడటం లేదు. లోపం ఎక్కడుందంటారు?

మర పట్టించిన పిండి:
ముందు లెక్క వేద్దామండి. నిండుగా నాలుగు పెద్ద చెంచాలంటే 50 గ్రాముల పిండి. అందులో పిండిపదార్థం దగ్గర దగ్గర 35 గ్రాములు. గ్లాసు పాలలో 10. నిమ్మకాయంత బెల్లం 20 గ్రాములుంటుంది, దాన్లో 17, 18 చక్కెరే. చక్కరకేళి ఇంకో 20. మొత్తం 80 దాటింది. ఇంట్లో వేసుకునే మూడు ఇడ్లీల్లో 30 గ్రాముల చుట్టూ ఉంటుంది. రెండున్నర రెట్లు ఎక్కువ పెట్టి చోళ్ళని తిడితే పాపం అవేం చేస్తాయి?

బెల్లం పంచదార కాదనుకోవడం మన జిల్లాల్లో మరీ ఎక్కువ. తాటిబెల్లమైనా, తేనె అయినా గ్లూకోమీటరుకి ఆ తేడా తెలీదు.

అసలు దొంగ మాత్రం ఆ మాల్టేనండి. చోళ్ళు మొలకెత్తినప్పుడు గింజలో ఎమైలేజ్ అనే ఎంజైము పుడుతుంది. పిండిని నీళ్ళలో కలిపి పొయ్యి మీద పెట్టగానే, వేడెక్కే ఆ కాస్సేపట్లోనే అది పిండిపదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా విరగ్గొట్టేస్తుంది. ఇంట్లోనే చూడొచ్చు. మామూలు చోడిపిండి 25 గ్రాములు గ్లాసు నీళ్ళలో కాస్తే గరిటెకి పట్టుకుంటుంది. అంతే మాల్ట్ పిండి కాస్తే గరిటె నుంచి నీళ్ళలా జారిపోతుంది, బెల్లం వేయకుండానే కాస్త తీపి తగులుతుంది. పల్చగా ఉంది కదా అని ఇంకో రెండు చెంచాలు పోస్తారు. పసిపిల్లలకి అన్నప్రాశన తర్వాత పెట్టడానికి ఇది బంగారం లాంటి పిండి, చిన్న పొట్టలో ఎక్కువ బలం పడుతుంది. షుగరున్నవాళ్ళకి సరిగ్గా అదే ఇబ్బంది.

అంబలి కుండ:
మర పట్టించిన పిండిగారు చెప్పింది ఒప్పే. కాసే పద్ధతి నేను రాస్తాను.

చోళ్ళు మొలకెత్తించకుండా కడిగి ఎండబెట్టి, మరకి తీసుకెళ్ళి "బరకగా ఆడించు" అని చెప్పండి. సన్నని బొంబాయి రవ్వ కన్నా ఒక పిసరు మెత్తగా ఉంటే చాలు. మైదాలా నలిగిన పిండి పేగుల్లో చటుక్కున కరుగుతుంది, బరక రవ్వ నిదానంగా కరుగుతుంది. జల్లెడ పట్టకండి, పైన మిగిలే పొట్టులోనే పీచు ఉంటుంది.

ఒక మనిషికి 20 నుంచి 25 గ్రాములు, అంటే గీసి కొలిచిన రెండు, రెండున్నర పెద్ద చెంచాలు. వంటింటి చెంచాలు ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు కాబట్టి మొదటి రోజు కొట్లో తూకం వేయించి గుర్తు పెట్టుకోండి. రాత్రే అర గ్లాసు చన్నీళ్ళలో కలిపి పెట్టండి. పొద్దున ఒక గ్లాసు నీళ్ళు మరిగాక సెగ తగ్గించి, నానిన పిండి పోస్తూ తిప్పాలి. పొడిపిండి నేరుగా మరిగే నీళ్ళలో వేస్తే ఉండలు కడుతుంది, ఆ ఉండ పైన ఉడికి లోపల పచ్చిగా ఉండి కడుపుబ్బరం చేస్తుంది. సన్నసెగ మీద ఏడెనిమిది నిమిషాలు. పచ్చివాసన పోయి, రంగు ముదిరి, బుడగలు బొప్పున పగులుతుంటే దించేయండి. కుక్కర్లో పెట్టి మరీ మెత్తగా ఉడికించొద్దు, ఎంత ఎక్కువ ఉడికి విచ్చుకుంటే అంత తొందరగా ఒంట్లో చేరుతుంది.

గోరువెచ్చగా అయ్యాక అర గ్లాసు పుల్ల మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, వేయించిన జీలకర్ర పొడి. వేడిగా ఉన్నప్పుడు మజ్జిగ పోస్తే విరుగుతుంది. పులుపు ఉంటే కడుపులోంచి తిండి నెమ్మదిగా దిగుతుంది, షుగరు ఒక్కసారిగా ఎగబాకదు. గ్లాసులో పోసి గటగటా తాగించకండి, గిన్నెలో చిక్కగా పెట్టి చెంచాతో తినమనండి. తాగే తిండి అయిదు నిమిషాల్లో దిగిపోతుంది, పదకొండింటికి మళ్ళీ ఆకలి.

ఒక్క జావ మీదే ఉంచకండి. ముందు ఉడికించిన గుడ్డు గానీ, గుప్పెడు పెసల గుగ్గిళ్ళు గానీ తినిపించి ఆ తర్వాత జావ పెట్టండి. వరస మారిస్తేనే రెండు గంటల అంకెలో తేడా తెలుస్తుంది. పాలు, అరటిపండు ఆ పూటకి వద్దు.

ఓట్స్ గరిటె:
చోళ్ళు పడనివాళ్ళకి ఓట్స్ కూడా బాగానే పనిచేస్తాయండి, ప్యాకెట్ చూసి కొనాలి అంతే. వేడినీళ్ళు పోస్తే రెండు నిమిషాల్లో అయిపోయే రకం అప్పటికే ఆవిరి పట్టి, పల్చగా నొక్కి, ముక్కలు చేసినది. షుగరు లేపడంలో అది తెల్లన్నానికి దగ్గర. మసాలా ఓట్స్‌లో ఉప్పు, మాల్టోడెక్స్‌ట్రిన్ (చటుక్కున షుగరుగా మారే పిండిపదార్థం) ఉంటాయా లేదా అన్నది వెనకవైపు చిన్న అక్షరాల్లో చూడండి. లావు రేకుల మామూలు ఓట్స్ 35 గ్రాములు, నీళ్ళలో అయిదారు నిమిషాలు, చిక్కుడో బీన్సో వేసి ఉప్మాలా పొడిగా చేస్తే మంచిది. ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ అనే జిగురు పీచుకే ఆ పేరంతా.

బార్లీ నీళ్ళ గురించి కూడా ఒక మాట. ఉడికించి వడగట్టి ఆ తేట తాగుతారు చాలామంది. పీచు జల్లెట్లో పారేసి గంజి మిగుల్చుకోవడం అది.

మార్టేరు పక్క ఊరు:
బియ్యపు నూకల జావ సంగతి ఎవరూ రాయలేదు. డెల్టాలో పెద్దవాళ్ళు ఒంట్లో బాగోలేకపోతే అదే కదా తాగేది. మార్టేరు వరి పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ, అదే ఎం.టి.యు. 7029, ఎమైలోజ్ (నిదానంగా అరిగే రకం పిండిపదార్థం, పైన చెప్పిన ఎమైలేజ్ ఎంజైము కాదు) ఎక్కువున్న బియ్యం. ఇర్రి (అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ) పరీక్షల్లో దానికి గ్లైసీమిక్ సూచిక, అంటే తిన్నాక షుగరు ఎంత తొందరగా లేపుతుందో చెప్పే అంకె, తక్కువున్న రకాల్లో చోటు దక్కింది. అది విని "స్వర్ణ నూకలే కదా" అని జావ కాస్తున్నారు కొందరు. ఆ లాభం గింజ గింజగా వండి, మెతుకు పలుకుగా దించిన అన్నానికి. నూక చేసి, మెత్తగా కాచి, గంజితో సహా తాగితే అందులో మిగిలేది స్వల్పం.

పాలకొల్లు కాలవగట్టు:
ధన్యవాదాలండి, తప్పు మాల్ట్ దగ్గర, బెల్లం దగ్గర అని అర్థమైంది. రెండు అడుగుతాను. తరవాణి అన్నం (రాత్రంతా కుండలో నీళ్ళు పోసి పులవబెట్టిన చద్దన్నం) పెట్టొచ్చా? అమ్మ ఇప్పటికీ కుండ పెడుతుంది. ఇంకోటి, ఈ జావ రేపే మొదలుపెట్టనా?

అంబలి కుండ:
తరవాణి పులుపు మంచిదే, రాత్రంతా నీళ్ళలో చల్లారిన మెతుకుల్లో కొంత పిండి గట్టిపడి తొందరగా అరగదు. కానీ ఆ తేడా కొద్దిగానే, "చద్దన్నానికి షుగరు రాదు" అన్నంత లేదు. నీళ్ళు వంచేసి, అన్నం ఒక చిన్న కప్పు మించకుండా, గట్టి పెరుగు, ఉల్లిపాయతో సరే. మామిడికాయ ఊరగాయ బద్ద ఒకటి చాలు, బీపీ ఉంటే అదీ వద్దు. వేసవిలో మన వైపు ఉక్కకి ఎనిమిది గంటలు చాలు, పన్నెండు దాటితే పులుపు పోయి కుళ్ళువాసన మొదలవుతుంది. బూజు తెర కట్టిందంటే పైది తీసేసి వాడటం కాదు, మొత్తం పారబోయడమే.

రావులపాలెం రేవు:
రెండో ప్రశ్న దగ్గర ఆగండి. గ్లిమెపిరైడ్ వాడే మనిషికి 80 గ్రాముల పిండిపదార్థాన్ని ఒక్క పొద్దుట్లో 30కి దించేస్తే పదకొండు, పన్నెండు గంటలకి షుగరు పడిపోవచ్చు. మనిషి తిండి తిన్నా తినకపోయినా ఆ మాత్ర ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. మీ డాక్టరుగారికి ఈ అంకెలన్నీ చూపించి, మాత్ర మోతాదు అడిగి మొదలుపెట్టండి. మొదటి వారం మధ్యాహ్నం భోజనానికి ముందు కూడా ఒకసారి చూడండి.

చెమట, వణుకు, గాభరా వచ్చి 70 లోపు చూపిస్తే మూడు టీ చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్ళలో కలిపి తాగించి, 15 నిమిషాలకి మళ్ళీ చూడాలి. మాత్రలో వోగ్లిబోస్ గానీ అకార్బోస్ గానీ (పేగుల్లో చక్కెర తొందరగా విరగకుండా ఆపే మందులు) కలిసి ఉంటే పంచదార, బెల్లం అప్పటికప్పుడు పనిచేయవు, గ్లూకోజే కావాలి. మాత్ర అట్ట వెనక పేర్లు చదివి పెట్టుకోండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, ఆస్పత్రికే.

కిడ్నీలు సరిగా పనిచేయక క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్ళు చోళ్ళు, గుగ్గిళ్ళు సొంతంగా మొదలుపెట్టొద్దు. పొటాషియం, ఫాస్ఫరస్ లెక్క వాళ్ళకి వేరే ఉంటుంది.

ఇక చూసే పద్ధతి. రెండు గంటలు మొదటి చెంచా నోట్లో పెట్టినప్పటి నుంచి లెక్క, గిన్నె కడిగినప్పటి నుంచి కాదు. చేతులు సబ్బుతో కడిగి తుడవాలి. బెల్లం ముట్టుకున్న వేలు పొడిస్తే 30, 40 ఎక్కువ చూపించినా ఆశ్చర్యం లేదు. రక్తం వేలి పక్కనుంచి తీయండి, వేలిని గట్టిగా నొక్కి నొక్కి తీయొద్దు. మూడు రోజులు ఒకే జావ, ఒకే కొలత, ఒకే టైము. తర్వాత ఒక్కటే మార్చండి, గుడ్డు కలపడమో, తిన్నాక కాలవగట్టు మీద 15 నిమిషాల నడకో. అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల తగ్గిందో తెలీదు. చాలామందికి పెట్టే గురి 180 లోపు, పెద్దవయసువాళ్ళకి డాక్టరు కాస్త వదులిస్తారు.

పాలకొల్లు కాలవగట్టు:
మాత్ర అట్ట చూశాను, వోగ్లిబోస్ లేదండి. సోమవారం డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తాను. అప్పటిదాకా ఇడ్లీ రెండే, అల్లం చట్నీ మానేసి పెసరపప్పు సాంబారుతో పెడతాను. ఒక అనుమానం: నిన్న ఒకే వేలికి వెంటవెంటనే చూస్తే 241, 219 వచ్చాయి. మీటరు పాడైందా?

రావులపాలెం రేవు:
అంత తేడా మామూలేనండి, ఇంటి మీటర్లు ఆ మాత్రం అటూ ఇటూ చూపిస్తాయి. కాకపోతే స్ట్రిప్పుల డబ్బా ఎక్కడ పెడుతున్నారు? ఈ ముసురుకి వంటింటి అలమరలో మూత వదులుగా ఉంటే చెమ్మ పడుతుంది. తీసిన వెంటనే మూత టక్కుమనేలా నొక్కండి, స్ట్రిప్పుల్ని వేరే డబ్బాలోకి మార్చొద్దు, ఫ్రిజ్‌లో పెట్టొద్దు. డబ్బా తెరిచిన తేదీ పెన్నుతో రాయండి, తెరిచాక ఎన్నాళ్ళు పనికొస్తాయో దాని మీదే ఉంటుంది.