20 వేలలో ఎక్సెల్ ప్రాక్టీసుకి ఏది కొనాలి: పాత ల్యాప్‌టాపా, డెస్క్‌టాపా?

కావలి కుర్రోడు
మా చెల్లెలు బీకామ్ అయిపోయి నెల్లూరులో కంప్యూటర్ కోర్సులో చేరింది. అక్కడ ఒక్కో సిస్టమ్‌కి ఇద్దరు, ఉండేది గంట. ఇంటికొచ్చాక నోట్‌బుక్‌లో గళ్లు గీసుకుని, పైన ఏ, బీ, సీ అని రాసుకుని, పెన్నుతో ఫార్ములాలు వేస్తోంది. చూడలేకపోతున్నా. నా దగ్గర 20 వేలున్నాయి, అంతకు మించి కుదరదు. ఒక షాపులో ‘ఐ5 ల్యాప్‌టాప్, 17 వేలు, ఆఫీస్ ఫ్రీగా వేసిస్తాం’ అన్నారు. మా మామయ్యేమో డెస్క్‌టాపే తీసుకోమంటున్నాడు. మీరేమంటారు?

గెలాక్సీ లెక్కలు
మీ మామయ్య మాట వినండి. చీమకుర్తిలో గ్రానైట్ ఆఫీసు అకౌంట్స్ చూస్తుంటాను. కొత్తగా ఎవరైనా ఉద్యోగానికొస్తే నేను పెట్టే పరీక్ష ఒకటే. 60 బ్లాకుల కొలతల కాగితం ఇస్తాను. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 180 సంఖ్యలు. అవి కొట్టి, క్యూబిక్ మీటర్లు తీసి చూపించాలి. పై వరస అంకెల మీద వేలు వెతుక్కునేవాళ్లకీ, కీబోర్డు కుడివైపుండే నంబర్ ప్యాడ్ మీద చూడకుండా కొట్టేవాళ్లకీ తేడా ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది. 14 అంగుళాల ల్యాప్‌టాపుల్లో మామూలుగా ఆ ప్యాడే ఉండదు.

పెన్నా ఒడ్డు
ప్యాడ్ కోసం డెస్క్‌టాపా అన్నా? విడిగా యూఎస్‌బీ కీబోర్డు కొని ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే పోలా! మా రొయ్యల మేత లెక్కలన్నీ డెస్క్‌టాప్‌లోనే ఉండేవి. కరెంటు పోయిందంటే చేసిన పని గంగలో కలిసినట్టే. ఎక్సెల్ మామూలుగా పది నిమిషాలకోసారి తనంతట తాను దాచుకుంటుంది గానీ, ఆ తొమ్మిదో నిమిషంలో పోతే ఎట్టా ఉంటుందో నాకు తెలుసు. ల్యాప్‌టాప్ వచ్చాకే టెన్షన్ తగ్గింది.

గెలాక్సీ లెక్కలు
మీది కొత్త ల్యాప్‌టాప్ అయ్యుంటుంది తమ్ముడూ. ఈ అబ్బాయి కొనేది పాతది. దాని బ్యాటరీ ఎంతసేపు ఆగుతుందో షాపువాడికే తెలియదు.

చెరువు గట్టు
అసలు కొనడం దేనికి? ఫోన్‌కి బ్లూటూత్ కీబోర్డు పెట్టుకుంటే గూగుల్ షీట్స్ ఉచితం కదా.

పెన్నా ఒడ్డు
అరచేతిలో తెర పెట్టుకుని పన్నెండు కాలమ్‌ల షీటు చూడమంటారా? నాలుగు కాలమ్‌లు దాటితే వేలితో జరుపుకోవడమే సరిపోతుంది. ఖర్చు రాసుకోవడానికైతే బాగుంటుంది, ఉద్యోగానికి తయారవడానికి కాదు.

రిపేరు బల్ల
ఒంగోలులో సర్వీసింగ్ చేస్తుంటాను. ల్యాప్‌టాపా, డెస్క్‌టాపా అని కొట్టుకోవడం తర్వాత, ముందు ఆ ‘ఐ5’ సంగతి చూడండి. ఐ5 అనేది ఇంటెల్ ప్రాసెసర్ పేరు, అంటే కంప్యూటర్ మెదడు. ఆ పేరొక్కటే సరిపోదు, దాని పక్కనున్న అంకె చూడాలి. 8250 అంటే ఎనిమిదో తరం, 6300 అంటే ఆరో తరం. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇంటెల్‌లో విండోస్ 11కి అధికారికంగా దాదాపు ఎనిమిదో తరం నుంచే అనుమతి. ఏడో తరం, అంతకు ముందువి అడ్డదారిలో విండోస్ 11 ఎక్కించి అమ్ముతున్నారు. నడుస్తుంది, కానీ అప్‌డేట్లు రేపు ఆగితే అడిగే దిక్కుండదు.

హార్డ్‌డిస్క్ ఉన్నది ఎంత చవకైనా వద్దు, అంతకన్నా చాలా వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ ఉండాలి. ర్యామ్ 8 జీబీ చాలు. ఎక్సెల్ షీటులో 10,48,576 వరసలు పడతాయి గానీ, నేర్చుకునేవాళ్లు వెయ్యి వరసలు దాటరు. 16 జీబీ అని మూడు వేలు ఎక్కువ గుంజితే ఇవ్వకండి.

‘ఫ్రీగా వేసిస్తాం’ అన్న ఆఫీస్ నూటికి తొంభై పాళ్లు క్రాక్ చేసిందే, అంటే లైసెన్స్ లేని దొంగ కాపీ. దాంతోపాటు వైరస్ దిగిన మిషన్లు నా బల్ల మీద ఎప్పుడూ ఒకటైనా ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిస్తే బ్రౌజర్‌లో ఎక్సెల్ ఉచితమే. పివట్ టేబుల్ (డేటాను గుంపులుగా కూడి చూపే పట్టిక), లుకప్‌లు (పట్టికలోంచి విలువ వెతికి తెచ్చే ఫార్ములాలు) అన్నీ అందులో వస్తాయి, మాక్రోలు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములు) మాత్రం నడవవు. నెట్ లేనప్పుడు ఆఫీస్ లాంటిదే, ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ ఉంది.

గెలాక్సీ లెక్కలు
లిబ్రెఆఫీస్‌లో నేర్చుకుని వచ్చిన పిల్లలు మా ఆఫీసులో మెనూలు వెతుక్కుంటూ బిక్కమొహం వేస్తారు. ఫార్ములాలు ఒకటే, ఒప్పుకుంటా. చేతి అలవాటు ఒకటి కాదు.

రిపేరు బల్ల
పెన్నుతో ఫార్ములాలు రాసే అమ్మాయికి మెనూ వెతుక్కోవడం ఒక లెక్కా అన్నా!

తమ్ముడూ, ల్యాప్‌టాపే అనుకుంటే కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీయించు. కొత్తప్పటి సామర్థ్యం, ఇప్పటి సామర్థ్యం రెండూ అందులో ఉంటాయి. సగానికి పడిపోయి ఉంటే బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించమను. చెల్లెల్ని వెంట తీసుకెళ్లు. వాడేది తనే గదా.

కావలి కుర్రోడు
అందరికీ థ్యాంక్స్. ఆదివారం ఇద్దరం వెళ్లాం. ఆ 17 వేల ల్యాప్‌టాప్ ఆరో తరంది! అడిగితే ‘స్పీడు బాగుంటుంది సార్’ అన్నాడు. ఇంకో షాపులో ఎనిమిదో తరం ల్యాప్‌టాప్ చూశాం. మా చెల్లెలు ఫార్ములా కొట్టి, ఫార్ములాలో సెల్ జరగకుండా కట్టేసే డాలర్ గుర్తులు పడాలని ఎఫ్4 నొక్కింది. గుర్తులు పడలేదు, సౌండ్ మ్యూట్ అయింది. ఎఫ్ఎన్ కూడా కలిపి నొక్కాలన్నారు. తను లేచి పక్కనున్న డెస్క్‌టాప్ దగ్గర కూర్చుంది, మళ్లీ లేవలేదు. నాకు ల్యాప్‌టాపే ఇష్టం, కానీ నోరెత్తలేదు.

ఎనిమిదో తరం సీపీయూ 11,500, పాత మానిటర్ 3,200, కీబోర్డు, మౌస్ 700, యూపీఎస్ 2,800. మొత్తం 18,200.

ఒక్క ఇబ్బంది. ఏప్రిల్ 3 అని 03/04 కొడితే మార్చి 4 అని తీసుకుంటోంది. ఎక్కడ మార్చాలి?

రిపేరు బల్ల
విండోస్ సెట్టింగ్స్‌లో రీజియన్ ఫార్మాట్ ఇండియా అని పెట్టి, ఎక్సెల్ మూసి తెరవండి. లక్షల కామాలు కూడా దారికొస్తాయి. బ్రౌజర్ ఎక్సెల్‌లో అయితే దాని సెట్టింగ్ వేరే, అక్కడా ఇండియా పెట్టండి.

గెలాక్సీ లెక్కలు
60 బ్లాకుల కాగితం ఫొటో తీసి పెడతాను, చెల్లెమ్మకివ్వండి. ఎంతసేపు పట్టిందో చెప్పండి.