మధ్యాహ్నం టీవీ 'కౌంట్‌డౌన్' పాత ఆటను తెలుగు అక్షరాలతో ఆడించడం కుదురుతుందా?

అడిగినవారు: పెన్నాతీరం

బ్రిటన్ చానల్ 4లో రోజూ మధ్యాహ్నం పూట వచ్చిన అక్షరాలు, అంకెల క్విజ్ కౌంట్‌డౌన్ గుర్తున్నవాళ్ళకి ఈ ప్రశ్న. ఆట నడిపిన రిచర్డ్ వైట్లీ రంగురంగుల కోట్లు, కరోల్ వోర్డర్‌మన్ బోర్డు మీద అక్షరాలు పెట్టడం, గడియారం ముల్లు కిందికి దిగుతుంటే మోగే ఆ సంగీతం... ఇప్పటిది కాదు, ఆ పాత అరగంట ఆటనే ఉగాది కూడికలో పెట్టాలని ఉంది. రౌండ్లు ఎన్ని, మార్కులెలా, కార్డులెన్ని చేసుకోవాలి? ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి ఆడించాలనుకుంటున్నాం. తెలుగు దగ్గర గుణింతాలు, ఒత్తులు ఎలా లెక్కపెట్టాలో తేలడం లేదు. ఆడేవాళ్ళు పదిహేను మంది దాకా ఉంటారు.

గళ్ళనుడి

పాత ఆట అంటే 2001 సెప్టెంబరుకు ముందుది. 9 రౌండ్లు: అక్షరాలవి 6, అంకెలవి 2, చివర ఒక కనండ్రమ్ (కలగాపులగం చేసిన అక్షరాలతో అసలు పదం పట్టడం). ఆ తర్వాత 45 నిమిషాలకు పెంచి 15 రౌండ్లు చేశారు. కూడికకి 9 రౌండ్లే మేలు, చిన్నపిల్లలు కూడా చివరిదాకా కూర్చుంటారు.

ఒక్క సవరణ. మొదటి ఏళ్ళలో బోర్డు మీద అక్షరాలు పెట్టింది క్యాథీ హైట్నర్. వోర్డర్‌మన్‌ది అప్పట్లో లెక్కలు సరిచూసే పని, అక్షరాలు తర్వాత ఆవిడ చేతికి వచ్చాయి. 1982 నవంబరు 2న చానల్ 4 మొదలైనప్పుడు తెర మీదికి వచ్చిన తొలి కార్యక్రమం ఇదే. ఫ్రెంచి టీవీలో అప్పటికే నడుస్తున్న ఆట నుంచి తెచ్చుకున్నారు.

అక్షరాల రౌండ్: అచ్చులు ఒక దొంతర, హల్లులు ఒక దొంతర, రెండూ బోర్లించి ఉంటాయి. వంతు వచ్చినవారు 'హల్లు', 'అచ్చు' అని ఒక్కొక్కటి అడుగుతూ 9 తీయించుకుంటారు. కనీసం 3 అచ్చులు, 4 హల్లులు ఉండాలి. 30 సెకన్లలో వీలైనంత పొడవైన పదం రాయాలి. అక్షరానికో మార్కు, తొమ్మిదీ వాడితే 18. ఎక్కువ పొడవు చెప్పినవారికే మార్కులు, సమానమైతే ఇద్దరికీ. పేర్లు, హైఫన్ ఉన్న పదాలు చెల్లవు.

గొడవలొచ్చేది పదం చెప్పేటప్పుడు. అక్షరాలు తీయించుకున్నవారు ముందు 'ఆరు' అంటారు. అది విని రెండోవారు తన అయిదుకి ఇంకో అక్షరం అతికిస్తారు. అందుకే గంట మోగగానే కలాలు కింద పెట్టించండి. ఇద్దరూ ఒకే అంకె చెబితే కాగితాలు చూపించమనండి.

కార్డులు కొత్తగా చేయక్కర్లేదు, ఇంగ్లీషు స్క్రాబుల్ డబ్బా ఒకటి చాలు. అందులో 100 బిళ్ళల్లో అచ్చులు 42, హల్లులు 56, ఖాళీవి 2. ఖాళీవి తీసేయండి. 6 రౌండ్లలో రౌండుకి 5 అచ్చులు అడిగినా 30, 6 హల్లులు అడిగినా 36. కాబట్టి మధ్యలో మళ్ళీ కలిపే పని ఉండదు, వాడినవి పక్కన పెట్టేయొచ్చు.

లెక్కలపలక

అంకెల సంగతి నేను చెబుతాను. మొత్తం 24 కార్డులు. పెద్దవి నాలుగు: 25, 50, 75, 100. చిన్నవి 1 నుంచి 10 దాకా రెండేసి, అంటే 20. పెద్దవి విడిగా పై వరుసలో, అన్నీ బోర్లించి. వంతు వచ్చినవారు పెద్దవి ఎన్ని కావాలో చెప్పి మొత్తం 6 తీయించుకుంటారు. మూడంకెల లక్ష్యాన్ని టీవీలో సెసిల్ అనే యంత్రం ఇచ్చేది. మీరు 0 నుంచి 9 దాకా చీటీలు డబ్బాలో వేసి మూడుసార్లు తీయండి, తీసిన చీటీ మళ్ళీ డబ్బాలో వేయాలి, వందల స్థానంలో 0 వస్తే ఇంకోటి తీయాలి.

కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం మాత్రమే. కార్డు ఒక్కసారే వాడాలి, అన్నీ వాడి తీరాలని లేదు. మధ్యలో ఎక్కడా భిన్నం గానీ రుణసంఖ్య గానీ రాకూడదు. సరిగ్గా వస్తే 10, తేడా 5 లోపు ఉంటే 7, 10 లోపు ఉంటే 5. ఇక్కడా దగ్గరగా వచ్చినవారికే.

కొత్తవాళ్ళు ఎక్కడ పోగొట్టుకుంటారో చూడండి. కార్డులు 75, 2, 3, 8, 9, 10. లక్ష్యం 628. చాలామంది 75ని 9తో గుణించి 675 దగ్గర మొదలుపెడతారు. అక్కణ్ణుంచి 47 తగ్గించాలి. 10×3, 8×2 కలిపితే 46, తీసేస్తే 629. ఆరు కార్డులూ అయిపోయాయి, ఒకటి తేడా, 7 మార్కులే. అదే 75×8 = 600తో మొదలుపెడితే 10×3 కలిపి 630, అందులోంచి 2 తీస్తే 628. లక్ష్యానికి కొంచెం కింద ఆగే గుణకారంతో మొదలుపెట్టి, చిన్న కార్డులు మిగుల్చుకోవడమే ఇందులో కిటుకు.

పిల్లలకి ఒక పెద్దది, అయిదు చిన్నవి అని చెప్పండి. నాలుగు పెద్దవి తీసుకుంటే ఆట ఎక్కడికి పోతుందో 1997 నాటి ఎపిసోడ్ ఒకటి చూస్తే తెలుస్తుంది. కార్డులు 25, 50, 75, 100, 3, 6, లక్ష్యం 952. పోటీదారు 100కి 6 కలిపి, 3తో గుణించి 318 చేశాడు. దాన్ని 75తో గుణిస్తే 23,850. 50 తీసేసి 23,800, దాన్ని 25తో భాగిస్తే 952! ముప్పై సెకన్లలో ఇరవై వేలు దాటి వెనక్కి వచ్చాడు. టీవీ క్విజ్‌లలో ఇంత అందమైన లెక్క ఇంకోటి లేదని నా గట్టి అభిప్రాయం. తీరిగ్గా చూస్తే దగ్గరి దారి ఉంది: 6×75 = 450, 50తో భాగిస్తే 9, దాన్ని 103తో గుణిస్తే 927, 25 కలిపితే 952. ఈ రెండు దారులూ ఉగాది రోజు బోర్డు మీద వేసి చూపించండి, పిల్లలు లేచి నిలబడతారు.

న్యాయనిర్ణేత చేయాల్సింది ఒకటే: చెబుతున్న ప్రతి కార్డునీ బోర్డు మీద కొట్టేస్తూ పోవాలి. ఒకే 3ని రెండుసార్లు వాడటం ఈ ఆటలో ఎక్కువగా జరిగే తప్పు, నోటితో వింటే దొరకదు.

గుణింతం

తెలుగులో 'కా', 'కి', 'కు' అని పూర్తి అక్షరాలతో కార్డులు చేస్తే ఆట చచ్చిపోతుంది. తొమ్మిది కార్డుల్లో మూడక్షరాల పదం దొరకడమే గగనం. హల్లునీ అచ్చునీ విడదీయాలి. హల్లు కార్డులో అకారం ఉన్నట్టే లెక్క. వేరే గుణింతం కావాలంటే పక్కన అచ్చు కార్డు పెట్టాలి. ఒత్తుకి ఇంకో హల్లు కార్డు. కార్డుకో మార్కు. 'పాలు' అంటే ప, ఆ, ల, ఉ: నాలుగు. 'తప్పు' అంటే త, ప, ప, ఉ: అదీ నాలుగే.

అచ్చులు 40 చేయండి: ఉ 10, ఇ 9, ఆ 7, సున్నా 4, అ 3 (పదం మొదట్లో రావడానికే), ఎ-ఏ కలిపి 3, ఒ-ఓ కలిపి 2, ఈ 1, ఊ 1. ఉకారం తగ్గించొద్దు. మన పదాలు, బహువచనాలు ఎక్కువగా దాని మీదే ఆగుతాయి, అది రాని రౌండ్లు పేలవంగా పోతాయి.

హల్లులు 64: ల 6, ర, న, క అయిదేసి, త, ప, మ, డ నాలుగేసి, వ, గ, ట, చ, స, ద మూడేసి, య, బ, జ రెండేసి, ళ, శ, హ ఒక్కొక్కటి. ఖ, ఘ లాంటివి వదిలేయండి. అవి వచ్చిన రౌండులో ఎనిమిది కార్డులతో ఆడినట్టే ఉంటుంది.

అకారానికి కార్డు అక్కర్లేదు కాబట్టి అచ్చులు 3 లేదా 4 చాలు, మిగతావి హల్లులు. టైము మాత్రం 45 సెకన్లు ఇవ్వండి, విడదీసి లెక్కపెట్టడానికి కాస్త పడుతుంది.

ఉదాహరణకి క, డ, ప, ర, ల, న, ఆ, ఇ, ఉ వచ్చాయి. 'నాలుక' 5, 'పడకలు' 5. 'పిడకలు' తడితే 6.

గళ్ళనుడి

గుణింతం గారి పద్ధతి బాగుంది. కానీ క్రియల సంగతి ముందే తేల్చుకోకపోతే ఆట పాడవుతుంది. అవే తొమ్మిది కార్డులతో 'కలిపాడు', 'పలికాడు', 'నరికాడు' చూడండి. మూడూ ఏడేసి మార్కులే! ఆ, డ, ఉ చేతికొస్తే చాలు, ఏ ధాతువుకైనా తగిలించి గెలిచేస్తారు, 'పిడకలు' కనిపెట్టినవారికి ఏమీ దక్కదు. ఇంగ్లీషు ఆటలో క్రియారూపాలు చెల్లుతాయి, కానీ అక్కడ చివర చేరేవి ఒకటో రెండో మూడో అక్షరాలు. ఇక్కడ మనిషిని బట్టి, కాలాన్ని బట్టి రూపాలు ఊరుతూనే ఉంటాయి. నిఘంటువులో ఎక్కిన రూపం, దాని బహువచనం: ఈ రెండే ఒప్పుకోండి. విభక్తులు వద్దు.

నిఘంటువు చూడటానికి ఒకరిని ఓ మూలన కూర్చోబెట్టి ఆంధ్రభారతి సైట్ తెరిపించండి, చాలా నిఘంటువులు ఒకేచోట వెతకొచ్చు. శబ్దరత్నాకరం లాంటి పాతవాటిలో 'పుస్తకము' అనే ఉంటుంది, 'పుస్తకం' కనబడలేదని కొట్టేయకూడదు. సొరకాయ, ఆనపకాయ రెండూ చెల్లాలి. అన్ని ప్రాంతాలవాళ్ళూ ఉన్న కూడికలో దీని మీద పట్టుదలకి పోతే మాట తేడా వస్తుంది.

కనండ్రమ్‌కి మాత్రం పూర్తి అక్షరాలే వాడండి, అయిదారు అక్షరాల పదం. 'జా ము ల్ల తె రు వా' అని రాస్తే తెల్లవారుజాము పట్టేస్తారు. ఒకే హల్లు జంటగా ఉన్న అక్షరంతో పదం మొదలు కాదు కాబట్టి 'ల్ల' ఉండటం సగం సూచన, తేలిగ్గా ఉండాలంటే అలాంటిది పెట్టండి. వేరే జవాబు రాదని ముందే ఇద్దరి చేత చూపించుకోండి. ముందు గంట కొట్టినవారికి 10, మనిషికి ఒక్క జవాబే.

పెన్నాతీరం

కార్డులు ఇవాళే మొదలుపెడతాం. కానీ ఇది ఇద్దరి ఆట కదా, మిగతా పదమూడు మంది?

లెక్కలపలక

వాళ్ళకీ కాగితాలిచ్చి సొంతంగా మార్కులు వేసుకోమనండి. లేదా ముందు ఆ చానల్‌దే ఇంకో మధ్యాహ్నపు క్విజ్ ఆడించండి: విలియం జి. స్టూవర్ట్ నడిపిన ఫిఫ్టీన్ టు వన్, 1988 నుంచి 2003 దాకా వచ్చింది. పదిహేను మంది అర్ధచంద్రాకారంలో నిలబడతారు, ఒక్కొక్కరికీ 3 ప్రాణాలు. మొదటి రౌండులో తలా రెండు ప్రశ్నలు, రెండూ తప్పితే బయటికి. రెండో రౌండులో సరైన జవాబు చెప్పినవారే తర్వాతి ప్రశ్న ఎవరికో చెబుతారు, తప్పితే ఒక ప్రాణం పోతుంది. ముగ్గురు మిగిలేదాకా సాగుతుంది. అక్కడ ఆపి, ఆ ముగ్గురిలో ఎక్కువ ప్రాణాలున్న ఇద్దరినీ కౌంట్‌డౌన్ బల్ల దగ్గరికి పంపండి. ప్రాణాలు సమానమైతే ఒక కనండ్రమ్ వేయండి. ప్రశ్నలు 120 దాకా రాసి పెట్టుకోండి, రెండో రౌండ్ అనుకున్నదానికంటే చాలా ఎక్కువ తినేస్తుంది.