ఎఫ్40: 3,500 ఆర్‌పీఎం దాకా చప్పగా ఉండి, ఆ తర్వాత ఒక్కసారిగా తన్నడం ఎందుకు?

నట్టుబోల్టు:
ఫెరారీ ఎఫ్40 ఇంజిన్ 2,936 సీసీ వీ8, రెండు ఐహెచ్ఐ కంపెనీ టర్బోలు (ఇంజిన్ పొగతో టర్బైన్ చక్రం తిరిగి, సిలిండర్లలోకి గాలిని ఎక్కువగా నెట్టేవి). ఒకే పెద్ద టర్బో బదులు రెండు చిన్నవి పెడితే లాగ్ (తొక్కాక బలం వచ్చేదాకా ఆలస్యం) తగ్గాలి కదా? మరి ఇంత లాగ్ ఎందుకు? ఇంకో డౌట్: వెనక మూడు గొట్టాలు ఉంటాయి, మధ్యది దేనికి?

క్రాంక్‌కేస్:
అసలు కిటుకు కంప్రెషన్‌లో ఉంది. రేషియో (పిస్టన్ మిశ్రమాన్ని ఎన్నో వంతుకి నొక్కుతుందో ఆ లెక్క) 7.7:1 మాత్రమే. బూస్ట్ (టర్బో నెట్టే అదనపు పీడనం) 1.1 బార్, అంటే సిలిండర్‌లోకి వెళ్లే గాలి పీడనం బయటి గాలికి రెట్టింపు పైమాటే. దాన్ని 10:1 దాకా నొక్కితే, మంట చేరకముందే మూలల్లోని మిశ్రమం తనంతట తానే అంటుకుంటుంది. ఆ నాకింగ్ ముదిరితే పిస్టన్ పోతుంది. అందుకే కంప్రెషన్ దించారు. ఆ లెక్కన బూస్ట్ రానంతసేపూ అదొక నీరసం ఇంజిన్.

పైగా 7,000 ఆర్‌పీఎం దగ్గర 478 హార్స్‌పవర్ రావాలంటే ఆ పొగంతా దాటిపోయేంత టర్బైన్ కావాలి. 2,500 దగ్గర దాన్ని తిప్పేంత పొగ ఎక్కడిది? చిన్నది పెడితే కింద బాగుంటుంది, పైన గొంతు పట్టేస్తుంది. ఫ్లాట్ ప్లేన్ క్రాంక్ (పిన్నులన్నీ ఒకే తలంలో ఉండే క్రాంక్‌షాఫ్ట్) కాబట్టి ఒక్కో బ్యాంకులో, అంటే వరుసలో, నాలుగు సిలిండర్లు సమాన ఎడంతో పేలతాయి, ఒక్కో బ్యాంకుకి ఒక్కో టర్బో, కాబట్టి దానికి పొగ తాళం తప్పకుండా అందుతుంది. 1987లో అంతకుమించి ఆశించడం అన్యాయం.

మధ్య గొట్టం వేస్ట్‌గేట్‌ది. బూస్ట్ హద్దు దాటబోతే మిగులు పొగ టర్బైన్‌కి తగలకుండా అటునుంచి పోతుంది.

నట్టుబోల్టు:
మరి తర్వాత వచ్చిన ఫెరారీ 488లో ఇదంతా ఎలా తప్పించారు?

ఇంధనధార:
డైరెక్ట్ ఇంజెక్షన్. పెట్రోలు నేరుగా సిలిండర్‌లో ఆవిరై గాలిని చల్లబరుస్తుంది, కాబట్టి టర్బో ఉన్నా 9.4:1 నిలబడింది. టర్బైన్ చక్రం టైటానియం అల్యూమినైడ్ అనే తేలికైన లోహంది, షాఫ్ట్‌కి బాల్ బేరింగులు. ఇంజిన్ కూడా 3.9 లీటర్లు, అది మరిచిపోకండి.

గేర్‌లివర్:
నడిపేవాళ్ల కోసం ఒక మాట. ఎఫ్40 గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) 577 ఎన్‌ఎం, 4,000 ఆర్‌పీఎం దగ్గర. మలుపు మధ్యలో 3,000 ఉండగా యాక్సిలరేటర్ తొక్కితే మొదట ఏమీ కాదు. ఇంకాస్త తొక్కుతారు. స్టీరింగ్ ఇంకా తిరిగి ఉండగానే బూస్ట్ ఒక్కసారిగా వచ్చి పడుతుంది, వెనక పక్కకి పోతుంది. చక్రాలు జారకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్ లేదు, ఏబీఎస్ లేదు, బ్రేకుకి సర్వో (కాలి బలానికి తోడయ్యే సాయం) కూడా లేదు. మలుపుకి ముందే ఒక గేరు దించి 4,000 పైన ఉంచండి, పెడల్ కొంచెం కొంచెంగా నొక్కండి.

వెనక టైర్లు 335/35. గాడులు బాగున్నాయని మోసపోవద్దు. పక్కగోడ మీద నాలుగంకెల కోడ్ చూడండి: మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఏళ్ల తరబడి నిలబెట్టిన కారు టైరు గోరు దిగనంత గట్టిపడి ఉంటుంది. దాని మీద 577 ఎన్‌ఎం అంటే ఐసు మీద నడకే.

క్రాంక్‌కేస్:
కొనేవాళ్లు పెట్రోలు వాసన కూడా చూసుకోండి. యూరప్ కార్లలో ట్యాంకులు రబ్బరు సంచులు, లోపల స్పాంజి. పాతబడితే రబ్బరు చెమరుస్తుంది, స్పాంజి పొడై ఫిల్టర్‌కి అడ్డం పడుతుంది. ఫుల్ బూస్ట్‌లో పెట్రోలు చాలక మిశ్రమం పలచబడితే మళ్లీ అదే నాకింగ్. అమెరికా కార్లకి అల్యూమినియం ట్యాంకులు, వాటికి ఈ బాధ లేదు.