అప్‌డేట్: 1726 నాటి గలివర్ ప్రతి సంగతి

టైటిల్ పేజీ మీద 1726, ప్రచురణకర్త బెంజమిన్ మోట్ పేరు ఉన్న, జోనాథన్ స్విఫ్ట్ రాసిన 'గలివర్ యాత్రలు' రెండు సంపుటాలు మొదటి ముద్రణేనా అని అడిగాను కదా. కాదని తేలింది. అక్టోబరు 28న పుస్తకం విడుదలయ్యాక, ఆ ఏడాదే మోట్ ఇంకో రెండుసార్లు అచ్చేశాడు. మూడింటి మీదా అదే సంవత్సరం. కాబట్టి చూడాల్సింది పుటల అంకెలు: మొదటి ముద్రణలో నాలుగు భాగాలకూ విడివిడిగా 1 నుంచి మొదలవుతాయి, నేనడిగిన ప్రతిలో రెండో భాగం మొదటిదాని అంకెలనే కొనసాగించింది.

పుస్తకం మొదట్లో ఉండే గలివర్ బొమ్మ తొలి రూపంలో అతని పేరు అండాకారపు చట్రం కింద ఉంటుంది; తర్వాతి రూపంలో పేరు చట్రం చుట్టూ తిరిగి, కింద లాటిన్ పద్యపాదాలు చేరతాయి. బొమ్మ విడి కాగితం, ఇంకో ప్రతిలోంచి తెచ్చి అతికించొచ్చు. అదొక్కటే చూసి డబ్బు పెట్టకండి.

జతగా అమ్మజూపిన 1727 'మూడో సంపుటం' స్విఫ్ట్‌ది కానే కాదు. ఫ్రెంచి రచయిత వెరాస్ పుస్తకం నుంచి ఎవరో చాలామటుకు ఎత్తిరాసిన నకిలీ. అయినా దాని సరదా దానిదే, విడిగా కొంటున్నాను. చదవడానికి సరైన పాఠం కావాలంటే మాత్రం, స్విఫ్ట్ రాతలో మోట్ మార్చిన చోట్లు సరిదిద్దిన 1735 నాటి ముద్రణే మేలు, డబ్లిన్ ప్రచురణకర్త ఫాక్నర్ వేసినది.