స్టాగ్ ఆడిన కాలపు నియమాలు తెలిసినవారు ఉన్నారా?

అమెరికన్ ఫుట్‌బాల్ తొలితరం కోచ్ ఎమోస్ అలొంజో స్టాగ్ గురించి వ్యాసం రాస్తున్నాను. కోచ్‌గా ఆయన సంగతులు కావలసినన్ని దొరికాయి. 1892 నుంచి 1932 వరకు షికాగో విశ్వవిద్యాలయం. డెబ్బై ఏళ్లు నిండాయని అక్కడ సాగనంపితే, స్టాక్‌టన్‌లోని పసిఫిక్ కళాశాలలో మళ్లీ మొదలుపెట్టారు. 1943లో, 81 ఏళ్ల వయసులో, ఆ ఏటి ఉత్తమ కోచ్ అనిపించుకున్నారు. మన దగ్గరైతే ‘కృష్ణా రామా’ అనుకుంటూ కూర్చోమనేవారు!

నాకు చిక్కల్లా ఆటగాడి దగ్గరే. యేల్ విశ్వవిద్యాలయంలో చదువుతూ 1889 నాటి తొలి ఆల్ అమెరికా జట్టుకు (దేశంలోని మేటి కళాశాల ఆటగాళ్ల పేర్లతో కూర్చే గౌరవ జట్టు) ‘ఎండ్’ స్థానంలో, అంటే ఆటగాళ్ల వరుస చివర, ఎంపికయ్యారు. బంతిని ముందుకు విసరడం 1906 దాకా చెల్లేదే కాదు. మరి విసిరిన బంతిని అందుకునే పనే లేనప్పుడు, వరుస చివర నిలబడ్డ ఆ మనిషి చేసేదేమిటి? ఎదుటివారిని అడ్డుకోవడమేనా, తానూ బంతి పట్టుకుని పరుగెత్తేవాడా? ఒక్క ఎత్తుగడను మొదటి నుంచి చివరిదాకా వివరించినా చాలు.

ఇంకొకటి. స్టాగ్ కాగితాలు షికాగో విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి. ఆ ఊళ్లో ఉంటున్న తెలుగువారెవరైనా చెప్పగలరా, వాటిని బయటివారికి చూపిస్తారా? ముందుగా అనుమతి తీసుకోవాలా? నకళ్లకు రుసుము ఉంటే అదీ రాయండి.