అప్‌డేట్: అచ్చు పుస్తకాన్నే మూలంగా ఇచ్చేసినా

జవాబులిచ్చిన అన్నలకీ అక్కలకీ చాలా థ్యాంక్స్. నా ప్రశ్న ఇదీ: శ్రీకృష్ణదేవరాయలు 1513లో తొలిసారి తిరుమలకొచ్చి కిరీటం సమర్పించాడని తెలుగు వికీపీడియాలో రాస్తే పక్కన ‘ఆధారం చూపాలి’ అని పడింది. నెట్‌లో దొరకని పుస్తకాన్ని మూలంగా ఇవ్వొచ్చా?

నిక్షేపంగా ఇవ్వొచ్చు. తిరుపతిలోనే ఎస్వీ యూనివర్సిటీ లైబ్రరీకి పోయి తితిదే శాసనాల మూడో సంపుటం తీయించినా. అందులో ఉన్నవి రాయల కాలం నాటి శాసనాలే. సంపాదకుడి పేరు, సంపుటం, శాసనం నంబరు, పేజీ, అన్నీ రాసుకున్నా. మొదటి ముద్రణ 1935, పునర్ముద్రణ 1984. మన చేతిలో ఉన్న ప్రతి ఏదో ఆ సంవత్సరం తప్పకుండా రాయాలి, ఎందుకంటే ముద్రణ మారితే పేజీలూ మారొచ్చు. శాసనం నంబరుంటే ఏ ప్రతిలోనైనా వెతుక్కోవచ్చు.

రెఫ్ ట్యాగును (మూలం వివరాలు రాసే వికీ కోడ్‌ను) వ్యాసం చివర కాకుండా ఆ వాక్యం పక్కనే పెట్టినా. యాత్రా బ్లాగుల లింకులన్నీ తీసేసినా. వాటిలో కొన్ని వికీ వ్యాసాన్నే మక్కీకి మక్కీ దించుకున్నవి, అవి మళ్లీ వికీకే ఆధారమెట్లా అవుతాయి?

తర్వాత చంద్రగిరి కోట వ్యాసం పట్టుకుంటున్నా. మంచి పుస్తకాలు తెలిస్తే పేజీ నంబర్లతో చెప్పండి.