మెత్తగా పాడే గొంతుకి ప్రీయాంపా, బూస్టరా? బడ్జెట్ 12 వేలు

మాది అమలాపురం దగ్గర. మేడ మీద చిన్న గదిలో అమ్మ పాడే లాలిపాటలు రికార్డు చేస్తున్నాను. మైకు షూర్ ఎస్ఎం7బి. దానికి కనీసం 60 డెసిబెల్స్ గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) కావాలంటారు, నా ఇంటర్‌ఫేస్ (మైకుని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె) ఇచ్చేది 56. అమ్మ గొంతు అసలే మెత్తన. నాబ్ చివరిదాకా తిప్పినా రికార్డింగ్ లెవెల్ మైనస్ 30 డెసిబెల్స్ దాటదు (సున్నా అంటే గరిష్ఠం). ఎడిటింగ్‌లో పెంచితే మాటకీ మాటకీ మధ్య ఇసుక రాలుతున్నట్టు సన్నటి సుయ్‌ మనే శబ్దం.

ఇప్పటిదాకా చేసినవి: కేబుల్ మార్చాను. ఫ్యాన్, ఇన్వర్టర్ ఆపేశాను. ల్యాప్‌టాప్ చార్జర్ తీస్తే గుయ్‌ మనే హమ్ పోయింది, సుయ్‌ మాత్రం అలాగే ఉంది. మైకుని నాలుగు అంగుళాల దగ్గరికి జరిపితే కొంచెం నయం, కానీ అమ్మ ఊపిరి కూడా పడుతోంది. నాయిస్ రిడక్షన్ వేస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంది. కండెన్సర్ మైకు (చిన్న శబ్దాన్ని కూడా పట్టే రకం) కొనమని చాలామంది అన్నారు. ఇల్లు రోడ్డు పక్కనే, ఆటోలూ కొబ్బరికాయల ట్రాక్టర్లూ అన్నీ పాటలోకి వచ్చేస్తాయి, అందుకే అది వద్దు.

నా ముందున్న దారులు రెండు. ఒకటి, ఫాంటమ్ పవర్‌తో (మైకు కేబుల్‌లోంచే ఇంటర్‌ఫేస్ పంపే కరెంటుతో) 25 డెసిబెల్స్ దాకా పెంచే క్లౌడ్‌లిఫ్టర్ లాంటి బూస్టర్. రెండోది, సెకండ్ హ్యాండ్ ఏఆర్‌టీ ట్యూబ్ ఎంపీ లాంటి ప్రీయాంప్ (మైకు సిగ్నల్‌ని పూర్తిగా పెంచే విడి పెట్టె) కొని ఇంటర్‌ఫేస్‌లో, అప్పటికే పెంచిన సిగ్నల్ తీసుకునే లైన్ ఇన్‌పుట్‌కి పెట్టడం. ట్యూబ్ (పాత రేడియోల్లో ఉండే వాల్వు లాంటిది) అంటే మోజే కానీ, దాని సొంత సుయ్‌ ఇంకోటి తోడవుతుందేమోనని టెన్షన్.

ఇలాంటి మెత్తటి గొంతుని ఇదే మైకుతో రికార్డు చేసినవాళ్లు చెప్పండి: ఈ రెండింట్లో దేనితో సుయ్‌ నిజంగా తగ్గింది?